ఈఆర్‌సీకి ఉత్తరం రాశాం కదా, బిల్లెందుకు కట్టాలి?

పోయిన నెల ఒకాయన ఫైలు చంకన పెట్టుకుని వచ్చారు. చిన్న పిండిమర ఆయనది. నెలకు 9 వేల దాకా వచ్చే బిల్లు ఒకసారి ఏకంగా 78 వేలు వచ్చింది. 'పాత బకాయి' అన్న ముక్క తప్ప వివరం లేదు. వెంటనే ఈఆర్‌సీకి, అంటే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి, రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపి, రూపాయి కూడా కట్టకుండా ధీమాగా కూర్చున్నారు. ఆ ధీమా ఇచ్చింది ఒక వాట్సాప్ మెసేజ్. నోటీసు వచ్చింది, గడువు దాటింది, లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకేశాడు.

వినియోగదారుల తరఫున కరెంటు కేసులు చూసే నాకు ఈ కథ కొత్త కాదు. ఊరు మారుతుంది, బిల్లు మారుతుంది, అంతే.

అపోహ: ఈఆర్‌సీకి ఫిర్యాదు చేస్తే బిల్లు ఆగిపోతుంది.

ఆగదు. ఇందులో రెండు పొరపాట్లున్నాయి. ఒక్కొక్క సర్వీసు బిల్లు తగాదా తీర్చడం ఈఆర్‌సీ పని కాదు. చార్జీలు ఖరారు చేయడం, లైసెన్సులివ్వడం, డిస్కంలు (కరెంటు పంపిణీ కంపెనీలు) ఏ ధరకు కరెంటు కొనాలో చూడడం, సేవల ప్రమాణాలు పెట్టడం దాని పని. విడి వినియోగదారుల వివాదాలు కమిషన్ విచారించకూడదని 2007లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ బిల్లు గొడవ వెళ్లాల్సింది సీజీఆర్‌ఎఫ్‌కి, అంటే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార ఫోరానికి. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 42 కింద ప్రతి డిస్కం ఆ ఫోరం పెట్టి తీరాలి. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. 'డిస్కం పెట్టిన ఫోరం డిస్కంకే వత్తాసు పలుకుతుంది' అంటారు చాలామంది. ఆ అనుమానం పూర్తిగా తప్పని నేననను. అందుకే ఫోరం తీర్పు నచ్చకపోతే వెళ్లడానికి పైన అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆయన్ని నియమించేది డిస్కం కాదు, ఈఆర్‌సీ.

ఇక రెండో పొరపాటు. ఎక్కడ ఫిర్యాదు పెట్టినా, పెట్టినంత మాత్రాన కరెంటు కట్ చేయకుండా ఆగరు. సెక్షన్ 56 ప్రకారం 15 రోజుల రాతపూర్వక నోటీసిచ్చి తీసేయొచ్చు. కానీ అదే సెక్షన్‌లో కింద ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు. వివాదం తేలేదాకా, అడిగిన మొత్తం గానీ, గత 6 నెలల్లో కట్టిన చార్జీల సగటు లెక్కన నెల నెలా అయ్యేది గానీ, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది 'అండర్ ప్రొటెస్ట్' (అభ్యంతరంతోనే కడుతున్నాను) అని రాసి కడితే కరెంటు తీయకూడదు.

మన పిండిమర ఆయన నెలకు ఆ 9 వేల చొప్పున కడుతూ పోతే సరిపోయేది.

కౌంటర్లో 'పూర్తి బిల్లయితేనే తీసుకుంటాం' అంటారు. అక్కడ గొడవ పడకండి. బిల్లులు, వసూళ్లు చూసే ఈఆర్‌ఓ ఆఫీసులో ఏఏఓ (అసిస్టెంట్ అకౌంట్స్ ఆఫీసర్) పేరున ఉత్తరం రాయండి: ఫలానా సర్వీసు నంబరు, ఫలానా బిల్లు మీద వివాదం ఉంది, సెక్షన్ 56 ప్రకారం అండర్ ప్రొటెస్ట్ ఇంత కడుతున్నాను అని. రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. ఫోరంలో ఆ కాపీయే మీకు ఆధారం.

ఈయన మాత్రం అప్పు చేసి 78 వేలూ కట్టి కనెక్షన్ వేయించుకున్నాకే నా దగ్గరకు వచ్చారు. మీటరు మార్చినప్పుడు పాత మీటరు ఆఖరి రీడింగు తప్పుగా ఎక్కించారని ఫోరంలో తేలింది. బిల్లు సవరించారు. కానీ మర ఆగిన 17 రోజుల్లో గిరాకీ పక్కవీధి మరకి అలవాటు పడిపోయింది. దాన్ని ఏ ఫోరం వెనక్కి తెస్తుంది?

ఒక హెచ్చరిక. నోటీసు మీద సెక్షన్ 126 అనో 135 అనో ఉంటే ఇదంతా వర్తించదు. 126 అంటే అనధికార వాడకం, 135 అంటే దొంగతనం. ఇవి సీజీఆర్‌ఎఫ్ పరిధిలోకి రావు. 126 కింద తుది ఉత్తర్వు వస్తే 30 రోజుల్లో అప్పీలుకు వెళ్లాలి, దానికి వేసిన మొత్తంలో సగం ముందు కట్టాలి. ఇంటి మీటరు మీద చిన్న షాపు పెట్టుకున్నవాళ్లు 126 నోటీసు చూసి జైలుకు పంపుతారేమోనని వణికిపోతూ ఫోన్ చేస్తారు. అయ్యా, అమ్మా, అది దొంగతనం కేసు కాదు. టెన్షన్ వద్దు, తేదీలు మాత్రం దాటనివ్వకండి.

మిగతా అపోహలు గబగబా.

'చార్జీలు ప్రభుత్వమే పెంచుతుంది.' ఖరారు చేసేది ఈఆర్‌సీ. ప్రభుత్వం ఎవరికైనా తగ్గించి ఇవ్వాలనుకుంటే సెక్షన్ 65 ప్రకారం ఆ సబ్సిడీ డబ్బు ముందుగా కట్టాలి. ఈఆర్‌సీ సభ్యుల్ని నియమించేది ప్రభుత్వమే కదా అంటారా? అవును. సెలక్షన్ కమిటీకి హైకోర్టు మాజీ జడ్జి అధ్యక్షులుగా ఉన్నా, నియామక ఉత్తర్వు ప్రభుత్వానిదే.

'ట్రూ అప్ అంటే దోపిడీ.' ముందు వేసిన అంచనాకు, అసలు అయిన ఖర్చుకు ఉన్న తేడా అది. ఈఆర్‌సీ లెక్కలు చూశాకే వసూలు చేస్తారు. అంచనా కంటే ఖర్చు తగ్గితే ట్రూ డౌన్ కూడా ఉంటుంది. కానీ కొత్తగా అద్దెకు దిగినవాళ్లు పాతవాళ్ల వాడకానికి కట్టాల్సి వస్తే, ఆ కోపం న్యాయమే.

'ఢిల్లీకి రాస్తే పని అవుతుంది.' ఢిల్లీలో ఉండే సీఈఆర్‌సీ (కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి) చూసేది కేంద్ర ప్రభుత్వ విద్యుత్ కేంద్రాల ధరలు, రాష్ట్రాల మధ్య లైన్లు లాంటివి. మీ మీటరు కాదు.

'బహిరంగ విచారణలో మాట్లాడేది లాయర్లే.' చార్జీల ప్రతిపాదనల మీద ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చు, వచ్చి మాట్లాడొచ్చు. ఒకసారి ఒక రైతు, తన పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ కాలిన తేదీ, మార్చిన తేదీ చిన్న నోట్‌బుక్‌లో రాసుకొచ్చి వరసగా చదివారు. డిస్కం అధికారులు ఒక్క తేదీ కూడా కాదనలేకపోయారు. నా ముందు 40 పేజీల పిటిషన్ ఉంది, దాన్ని ఎవరూ అంత శ్రద్ధగా వినలేదు.