తెర అదురుతోందని రాసిన పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

లాప్‌టాప్ తెర అదురుతోందని రాశారు, ఫోన్‌తో తీసిన వీడియో కూడా పంపారు. అందులో నల్లటి పట్టీలు కిందికి పాకుతుంటే చూసి, తెర పోయిందని మీరే తేల్చేసి, కొత్తది కొనాలా అని అడుగుతున్నారు. తొందరపడకండర్రా. ఆ పట్టీలను నమ్మడానికి లేదు. మామూలు తెర మీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతుంది. దాని వెనక ఉండే ఎల్‌ఈడీ దీపాలేమో, బ్రైట్‌నెస్ తగ్గించినప్పుడు చాలా లాప్‌టాప్‌లలో అంతకంటే వేగంగా ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. మన కన్ను దాన్ని పట్టుకోలేదు, కెమెరా పట్టుకుంటుంది. ఏ లోపమూ లేని తెరను తీసినా అలాంటి పట్టీలు పడొచ్చు. అందుకని వీడియో పక్కన పెట్టి, మీ కంటికి ఏం కనిపిస్తోందో, అది ఎప్పుడెప్పుడు వస్తోందో చూడండి.

ఎప్పుడు వస్తోందో తెలిస్తే సగం పని అయినట్టే. మొదట తప్పు సాఫ్ట్‌వేర్‌దా, వస్తువుదా తేల్చుకోవాలి. లాప్‌టాప్ ఆపి మళ్లీ ఆన్ చేస్తూ ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కితే (కంపెనీని బట్టి మీట మారుతుంది) బయోస్ (విండోస్ మొదలయ్యే ముందే నడిచే సెట్టింగ్‌ల తెర) తెరుచుకుంటుంది. అక్కడ విండోస్ ఉండదు, దాని గ్రాఫిక్స్ డ్రైవరూ (తెర మీద బొమ్మను నడిపించే సాఫ్ట్‌వేర్) ఉండదు. ఏమీ మార్చకుండా కాసేపు అలాగే వదిలేయండి. అక్కడా అదిరితే డ్రైవర్ల జోలికి వెళ్లనక్కర్లేదు, లోపం లోపలి భాగాల్లోనే ఉంది. అక్కడ నిలకడగా ఉంటే అనుమానం సాఫ్ట్‌వేర్ మీదికి మళ్లుతుంది. అయితే అదే ఆఖరి తీర్పు కాదు. కేబుల్ వదులైతే అది తనకు తోచినప్పుడే అల్లరి చేస్తుంది.

సాఫ్ట్‌వేర్ అనుకుంటే విండోస్‌లో ఒక తేలికైన పరీక్ష ఉంది, మైక్రోసాఫ్ట్ వాళ్లే చెప్పేది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. మిగతా తెరతో పాటు ఆ కిటికీ కూడా అదిరితే తప్పు ఆ గ్రాఫిక్స్ డ్రైవర్‌ది కావచ్చు. అదొక్కటి నిలకడగా ఉండి చుట్టూ ఉన్నవన్నీ అదిరితే ఏదో ఒక యాప్ వల్ల కావచ్చన్నమాట. ఈమధ్య కొత్తగా వేసుకున్నది తీసేసి చూడండి. డ్రైవర్ అయితే, అప్‌డేట్ తర్వాతే మొదలైందా అని గుర్తు చేసుకోండి. విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్లే వీలుంది. కొత్త డ్రైవర్ అంటే మంచి డ్రైవరే అని నేను ఒప్పుకోను.

చార్జర్ తీసినప్పుడే వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉంటే, లేదా తెల్లటి పేజీ నుంచి చీకటి బొమ్మకు వెళ్లినప్పుడు అలా అవుతుంటే, అది జబ్బు కాకపోవచ్చు. బ్యాటరీ ఆదా కోసం బొమ్మను బట్టి వెలుగు మార్చే ఏర్పాటు అది. డిస్‌ప్లే సెట్టింగ్‌లలో ఆపేయొచ్చు. చార్జర్ పెట్టినప్పుడు మాత్రమే అదిరితే మరో చార్జర్‌తో చూడండి.

ఇక హెచ్‌డిఎంఐ తీగతో టీవీకి కలపండి. రెండు తెరలూ అదిరితే గ్రాఫిక్స్ చిప్ గానీ డ్రైవర్ గానీ కారణం. టీవీ శుభ్రంగా ఉండి లాప్‌టాప్ ఒక్కటే అదిరితే తెర గానీ, దానికి వెళ్లే కేబుల్ గానీ.

ఈ కేబుల్ దగ్గర కాస్త ఆగాలి, చాలామంది దీన్ని వదిలేసి తెర మార్చేస్తారు. మదర్‌బోర్డు (లోపలి ప్రధాన బోర్డు) నుంచి తెరకు వెళ్లే సన్నటి కేబుల్, మూత తిరిగే కీలు పక్కనుంచే పోతుంది. మూత తెరిచినప్పుడల్లా, మూసినప్పుడల్లా అది మెలిపడుతుంది. ఒకేచోట పదేపదే వంచిన తీగ చివరికి తెగినట్టే, ఇదీ లోపల అరిగిపోతుంది. మూతను మెల్లగా ముందుకూ వెనక్కూ కదపండి. ఒక కోణం దగ్గర అదిరి, ఇంకో కోణంలో ఆగిపోతే ముందు కేబుల్‌నే అనుమానించాలి. పెద్ద కంపెనీలకూ ఈ తిప్పలు తప్పలేదు. 2016లో వచ్చిన 13 అంగుళాల మాక్‌బుక్ ప్రోలలో తెర అడుగున మచ్చల్లా వెలుగు పడటం, వెనక వెలుగు పూర్తిగా ఆరిపోవడం లాంటి ఫిర్యాదులు వచ్చాక, ఆపిల్ 2019 మేలో ఉచితంగా బాగుచేసే పథకం ప్రకటించింది.

తెర పూర్తిగా నల్లబడితే టార్చి వేసి ఏటవాలుగా చూడండి. బొమ్మ లీలగా కనిపిస్తే తెర బతికే ఉంది, వెనక వెలుగు మాత్రం పోయింది. మరో చిత్రం: మూత మూశారో లేదో చాలా లాప్‌టాప్‌లు అయస్కాంతంతో తెలుసుకుంటాయి. చేతికి అయస్కాంతపు పట్టీ ఉన్న గడియారం పెట్టుకుని టైప్ చేస్తే మూత మూశారనుకుని తెర ఆరిపోవచ్చు!

ఒక్క విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు ఉబ్బినా బ్యాటరీ వాచిందని అర్థం. వెంటనే ఆపేయండి, చార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, గుచ్చకండి. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి తెలిసినవాళ్లకు ఇవ్వండి. అది లేకపోయినా సరే, లోపల బ్యాటరీ కనెక్టర్ తీయకుండా తెర కేబుల్ ఊడదీయకూడదు, పెట్టకూడదు. వెనక వెలుగుకు వెళ్లే కరెంటు పక్క తీగకు తగిలితే బోర్డు మీద ఫ్యూజు పోతుంది, ఒక రిపేరు రెండవుతుంది.

మూత కదిపి చూసి, టీవీకి కలిపి చూసి ఏమైందో రాయండి. చివరికి తెరే మార్చాల్సి వస్తే లాప్‌టాప్ పేరు చూసి కొనకండి, ఒకే పేరుతో రకరకాల తెరలు వస్తాయి. పాత తెర వెనక అంటించిన మోడల్ నంబరు, కనెక్టర్ 30 పిన్నులదా 40 పిన్నులదా అన్నది ఫొటో తీసి నాకు పంపండి.

మీ తాతయ్య