మొదటి మ్యాచ్ ఓడితే సిరీస్ పోయినట్టేనా? ప్లేఆఫ్స్‌పై కొన్ని అపోహలు, వాస్తవాలు

2025 జూన్ 6వ తేదీ ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో, మా కోర్టు పక్కనున్న వేపచెట్టు కింద పదిహేను మంది పిల్లలు ఒకే ఫోన్ చుట్టూ మూగి ఉన్నారు. వేసవి శిబిరం ఆఖరి రోజులవి. నెల్లూరు ఎండకు ఎనిమిది దాటాక సిమెంటు కోర్టు మీద ఎవరినీ కాలు పెట్టనివ్వను కనుక, వాళ్లను వారించవలసిన అవసరం కూడా నాకు లేకపోయింది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్‌లో ఓక్లహోమా సిటీ థండర్‌తో ఆడిన మొదటి మ్యాచ్ ముగియడానికి 0.3 సెకన్లు మిగిలి ఉండగా ఇండియానా పేసర్స్ ఆటగాడు టైరీస్ హాలిబర్టన్ వేసిన షాట్ పడింది. స్కోరు 111-110. ఆ మ్యాచ్ మొత్తంలో పేసర్స్ ఆధిక్యంలోకి వచ్చింది ఆ ఒక్కసారే. చెట్టు కింద సగం మంది గంతులు వేశారు, మిగిలినవాళ్ల మొహాలు వాడిపోయాయి. ఆ వాడిపోయిన మొహాల్లో ఒకడు నా దగ్గరికి వచ్చి, "అయిపోయింది సార్, ఓక్లహోమా పని అయిపోయింది" అన్నాడు.

లీగ్ దశలో 82 మ్యాచ్‌లు ఆడి 68 గెలిచిన జట్టు పని ఒక్క షాట్‌తో ఎట్లా అయిపోతుందిరా అని అడిగాను. "ఫైనల్ కదా సార్" అన్నాడు.

ఇరవై ఏళ్లకు పైగా బాస్కెట్‌బాల్ నేర్పుతున్నాను. లీగ్ దశ ముగిసి, టైటిల్ కోసం సాగే ప్లేఆఫ్స్ వచ్చిన ప్రతిసారీ ఈ మాట ఎవరో ఒకరి నోట వింటూనే ఉన్నాను. పిల్లలు అంటారు, వాళ్ల తండ్రులు అంటారు, డల్లాస్‌లో స్థిరపడిన మా బావమరిది ఫోన్ చేసి మరీ అంటాడు. అందుకే ముందుగా దీని సంగతి తేల్చి, మిగిలినవాటిని ఆ తరువాత చూస్తాను.

అపోహ: మొదటి మ్యాచ్ ఓడిన జట్టు సిరీస్ ఓడిపోయినట్టే.

ఈ అపోహ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. మనవైపు జరిగే పోటీలలో ఎక్కువ భాగం నాకౌట్ పద్ధతిలోనే ఉంటాయి. సంక్రాంతికి ఊళ్లో పెట్టే కబడ్డీ అయినా, వాలీబాల్ అయినా, ఓడిన జట్టు ఆ సాయంత్రమే బస్సు ఎక్కుతుంది. ఒకసారి అండర్-14 పిల్లలను ఒంగోలుకు తీసుకువెళ్లి మొదటి మ్యాచ్‌లోనే ఒక్క పాయింటుతో ఓడిపోయి, తెచ్చుకున్న పులిహోర పొట్లాలు బస్టాండులోనే విప్పుకొని తిని, చీకటి పడకముందే తిరిగి వచ్చాము. మరుసటి వారం ఇద్దరు తండ్రులు తమ పిల్లలను మాన్పించి క్రికెట్‌లో చేర్చారు. వాళ్లను తప్పు పట్టలేను. ఒక్క మ్యాచ్‌తో అన్నీ తేలిపోయే పోటీలు చూసి పెరిగిన కళ్లకు ఏ మ్యాచ్ అయినా తీర్పులాగే కనిపిస్తుంది.

ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో అదే ప్రత్యర్థితో ఏడు మ్యాచ్‌ల దాకా ఆడతారు, ముందుగా నాలుగు గెలిచినవారిదే సిరీస్. దాని లెక్క వేరు. ఒక జట్టుకు తన ప్రత్యర్థి మీద పది మ్యాచ్‌లకు ఆరు గెలవగల బలం ఉన్నదనుకుందాం. ఒక్క మ్యాచే ఆడిస్తే అది గెలిచే అవకాశం 60 శాతం. ఏడు మ్యాచ్‌ల సిరీస్ ఆడిస్తే అదే అవకాశం 71 శాతానికి పెరుగుతుంది. ఇప్పుడు ఆ జట్టు మొదటి మ్యాచ్ ఓడిందనుకుందాం. మిగిలిన ఆరింటిలో నాలుగు గెలవగల అవకాశం ఎంతో లెక్క వేస్తే ఇంకా 54 శాతం ఉంటుంది. అంటే ఒక మ్యాచ్ వెనకబడిన తరువాత కూడా మొగ్గు దానివైపే ఉన్నది. రెండూ ఓడితే 34 శాతానికి, మూడూ ఓడితే 13 శాతానికి పడిపోతుంది. సొంత కోర్టు బలాన్ని, గాయాలను పక్కన పెట్టి వేసిన లెక్క ఇది. ఇంటర్ గణితం చదివిన వారెవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు. మొదటి మ్యాచ్ చూశాక ఆ జట్టు బలం మీద మన అంచనాయే తప్పని తేలవచ్చు కదా అని కొందరు అడుగుతారు. ప్రశ్న సరైనదే. 82 మ్యాచ్‌లు చెప్పినదాన్ని 83వ మ్యాచ్ కొద్దిగా జరుపుతుంది, తుడిచివెయ్యదు.

లెక్కలంటే బెదిరే పిల్లలకు నా నోటుబుక్కు చూపిస్తాను. శిబిరంలో ప్రతి ఒక్కరూ రోజూ పది ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డు లేకుండా గీత దగ్గర నిలబడి వేసే షాట్లు) వెయ్యాలి, ఎన్ని పడ్డాయో నేను రాసుకుంటాను. కోవూరు నుంచి సైకిల్ మీద వచ్చే ఒక కుర్రవాడి ఆరు రోజుల వరుస ఇట్లా ఉంది: 9, 4, 8, 7, 5, 9. మొత్తం అరవైకి నలభై రెండు, అంటే 70 శాతం. తొమ్మిది పడిన రోజున వాళ్ల నాన్న శిబిరం మొత్తానికి సోడాలు తాగించాడు. నాలుగు పడిన మరునాడు నన్ను పక్కకు పిలిచి, "ఏంది సార్, మావాడి ఆట చెడిపోతున్నట్టుంది" అన్నాడు. కుర్రవాడి చెయ్యి రెండు రోజులూ అదే, ఊపూ అదే.

పెద్ద ఆటగాళ్లకూ ఇదే వర్తిస్తుంది. 2018లో హ్యూస్టన్ రాకెట్స్ పడమటి కాన్ఫరెన్స్ ఫైనల్ (ఫైనల్స్‌కు ముందు మెట్టు) ఏడో మ్యాచ్‌ను సొంత కోర్టులో ఆడి, విరామానికి 11 పాయింట్ల ఆధిక్యంలో ఉండి కూడా గోల్డెన్ స్టేట్ వారియర్స్ చేతిలో ఓడిపోయింది. ఆ మ్యాచ్‌లో వాళ్లు వేసిన 44 త్రీ పాయింటర్లలో (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లలో) 7 మాత్రమే పడ్డాయి. మధ్యలో వరుసగా 27 తప్పాయి. లీగ్ దశలో 65 విజయాలు సాధించిన జట్టే, అదే షూటర్లే.

సిరీస్‌లో మరొక సంగతి ఉంది. ఓడిన కోచ్‌కు రాత్రంతా వీడియో చూసి ఆలోచించే అవకాశం దొరుకుతుంది. 2015 ఫైనల్స్‌లో వారియర్స్ 1-2తో వెనకబడినప్పుడు, వీడియోలు చూసే నిక్ యూరెన్ అనే యువ సహాయకుడు ఒక మార్పు సూచించాడు. కోచ్ స్టీవ్ కెర్ దాన్ని అంగీకరించి, పొడగరి ఆండ్రూ బోగట్‌ను బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ లీగ్ సీజన్‌లో ఒక్క మ్యాచ్‌నూ మొదటి ఐదుగురిలో ఒకడిగా ప్రారంభించని ఆండ్రే ఇగువొడాలాను నాలుగో మ్యాచ్‌లో తొలి అయిదుగురిలోకి తెచ్చాడు. ఆ మ్యాచ్‌తో మొదలుపెట్టి వరుసగా మూడింటినీ వారియర్స్ గెలిచింది, ఇగువొడాలా ఫైనల్స్ ఉత్తమ ఆటగాడయ్యాడు. నాకౌట్ పోటీలో ఓడిన కోచ్‌కు ఈ అవకాశం ఉండదు. ఒంగోలులో నాకు లేకపోయినట్టే.

మా బావమరిదికి అతని సొంత జట్టు చరిత్రే చెబుతుంటాను. డల్లాస్ 2006 ఫైనల్స్‌లో మయామీ మీద 2-0 ఆధిక్యం సాధించి, తరువాత వరుసగా నాలుగు ఓడిపోయింది. మరుసటి ఏడాది 67 విజయాలతో మొదటి సీడ్‌గా (లీగ్ దశ స్థానాన్ని బట్టి ఇచ్చే వరుస సంఖ్య) దిగి, ఎనిమిదో సీడ్ వారియర్స్ చేతిలో మొదటి రౌండ్‌లోనే 4-2తో ఇంటిదారి పట్టింది. 2011లో అదే మయామీ చేతిలో మొదటి మ్యాచ్ ఓడి, 1-2తో వెనకబడి కూడా, 4-2తో టైటిల్ గెలిచింది. ఇన్ని చూసిన అభిమాని కూడా మొదటి ఓటమికే నీరుగారిపోతాడంటే, ఈ అపోహ ఎంత లోతుగా పాతుకున్నదో అర్థమవుతుంది.

అభిమాని నీరుగారిపోయినందువల్ల ఎవరి సొమ్మూ పోదు. సొమ్ము పోయేది పందెం దగ్గర. ఆ జూన్ నెలలోనే బుచ్చిరెడ్డిపాళెం వైపు నుంచి ఒక రైతు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఇంజినీరింగ్ చదువుతున్న వారి అబ్బాయి మొదటి మ్యాచ్ చూసి, రెండోదీ ఇండియానాదే, గ్యారంటీ అని ఫోనులో ఎవరో ఇచ్చిన టిప్పు నమ్మి, హాస్టల్ ఫీజులో సగం పెట్టాడు. జూన్ 9న ఓక్లహోమా 123-107తో గెలిచింది. పోయినదాన్ని రాబట్టుకుందామని మిగిలిన సగాన్ని మూడో మ్యాచ్‌లో ఓక్లహోమా మీద పెట్టాడు. జూన్ 12న ఇండియానా 116-107తో గెలిచింది. ఆ పెద్దాయన కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడే అడిగారు: "సార్, మీరు ఈ ఆట నేర్పిస్తారంట గదా, ఇందులో గ్యారంటీ అనేది ఏమన్నా ఉంటదా సార్?" ఉండదని చెప్పాను. అబ్బాయి మాత్రం, ఆ టిప్పులవాడు అంతకు ముందు వరుసగా మూడు మ్యాచ్‌లు సరిగ్గా చెప్పాడని ఇంకా నమ్ముతూనే ఉన్నాడట.

ఆ మూడు ఎట్లా కలుస్తాయో కూడా వివరించాను. టిప్పులవాడు 800 మందిలో 400 మందికి ఒక జట్టు పేరు, మిగిలిన 400 మందికి రెండో జట్టు పేరు పంపుతాడు. తప్పు చెప్పిన సగాన్ని వదిలేసి, మిగిలినవారిని మళ్లీ రెండుగా చీలుస్తాడు. మూడు మ్యాచ్‌లు అయ్యేసరికి, ఒక్క తప్పూ చెప్పని మహానుభావుడిగా తనను నమ్మే 100 మంది మిగులుతారు. నాలుగో టిప్పుకు డబ్బు అడుగుతాడు. ఆట గురించి వాడికి ఏమీ తెలియనక్కరలేదు. ఇక చట్టం మాటకు వస్తే, ఆన్‌లైన్ పందేలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్ర చట్టమూ వచ్చింది. ఇంట్లో ఇటువంటిది జరిగితే పిల్లవాడిని కొట్టి దాచిపెట్టుకోవద్దు. మోసపోయిన సొమ్ము విషయంలో సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఆలస్యం చెయ్యకుండా ఫోన్ చెయ్యండి.

మిగిలినవి ఇంత ఖరీదైనవి కావు, త్వరగా చెబుతాను.

అపోహ: లీగ్ దశలో అగ్రస్థానం వస్తే టైటిల్ వచ్చినట్టే. 2016లో 73 గెలిచి 9 మాత్రమే ఓడిన వారియర్స్, ఫైనల్స్‌లో 3-1 ఆధిక్యం ఉండి కూడా క్లీవ్‌ల్యాండ్‌కు టైటిల్ వదులుకుంది. ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

అపోహ: 0-3 నుంచి కూడా తేరుకోవచ్చు, గతంలో తేరుకున్నారు. ఎన్‌బీఏలో ఇంతవరకు ఒక్క జట్టూ తేరుకోలేదు. 2023లో బోస్టన్, మయామీ మీద 0-3 నుంచి 3-3 దాకా వచ్చి, సొంత కోర్టులో ఆడిన ఏడో మ్యాచ్‌లో ఓడిపోయింది. మొదటి ఓటమికి కంగారు పడవద్దని చెప్పేవాడినే అయినా, మూడో ఓటమికి కంగారు పడితే తప్పనను.

అపోహ: ప్లేఇన్ ఆడుతున్నామంటే ప్లేఆఫ్స్‌కు వచ్చేసినట్టే. రాలేదు. ప్లేఆఫ్స్‌లో ఆఖరి స్థానాల కోసం ముందుగా ఆడే అర్హత పోటీ అది. ఐపీఎల్ చూసేవారికి ఒక్క మాటలో చెప్పవచ్చు. ఏడు, ఎనిమిది స్థానాల జట్ల మధ్య జరిగేది క్వాలిఫయర్-1 వంటిది, ఓడినవారికి మరొక అవకాశం ఉంటుంది. తొమ్మిది, పది స్థానాలవారిది ఎలిమినేటర్. అయితే అందులో గెలిచినవారు ఎనిమిదో సీడ్ కోసం మళ్లీ ఒక మ్యాచ్ గెలవాలి. 2023లో మయామీ ఈ దారిలోనే ఒకటి ఓడి, ఒకటి గెలిచి ఎనిమిదో సీడ్‌గా ప్రవేశించి, మొదటి సీడ్ మిల్వాకీని ఓడించి ఫైనల్స్ దాకా వెళ్లింది.

అపోహ: అంతా ముందే రాసి పెట్టిన స్క్రిప్టు. దీనికి జవాబు చెప్పే ఓపిక నాకు తగ్గిపోయింది. టిమ్ డొనఘీ అనే రెఫరీ పందేలలో చిక్కుకున్న మాట నిజమే. 2008లో అతనికి 15 నెలల జైలు శిక్ష పడింది. ఒక దొంగ దొరికాడంటే ఊరంతా దొంగలని కాదు. ఆఖరి రెండు నిమిషాలు హోరాహోరీగా సాగిన మ్యాచ్‌లలో ఏ విజిల్ తప్పో 2015 నుంచి లీగే ప్రకటిస్తున్నది. తమ జట్టు గెలిచిన రోజున స్క్రిప్టు మాట ఎత్తిన అభిమానిని నేను ఇంతవరకు చూడలేదు.

అపోహ: ఒక ఆటగాడు లేనంత మాత్రాన జట్టు పడిపోదు. క్రికెట్‌లో పదకొండు మంది కనుక అక్కడ ఈ మాట కొంతవరకు చెల్లుతుంది. ఇక్కడ కోర్టు మీద ఉండేది ఐదుగురు, ప్లేఆఫ్స్‌లో కోచ్ నమ్మి దించేది ఎనిమిది తొమ్మిది మందిని. నేను మొదట చెప్పిన హాలిబర్టన్, అదే ఫైనల్స్ ఏడో మ్యాచ్ తొలి క్వార్టర్‌లోనే మడమ వెనక స్నాయువు తెగి కూలబడ్డాడు. ఓక్లహోమా 103-91తో టైటిల్ గెలిచింది. జట్టు అవకాశాల మీద వాదన పెట్టుకునేముందు గాయాల జాబితా చూడమని పిల్లలకు చెబుతుంటాను, ఎవరూ చూడరు.

అపోహ: అవకాశం తక్కువ అంటే జరగదని అర్థం. ఇది నేనే చేసిన తప్పు కనుక దాచను. 2025లో డల్లాస్ పదో స్థానంలో ప్లేఇన్‌కు వచ్చి రెండో మ్యాచ్‌లో ఓడిపోయింది. అప్పటికే ఫిబ్రవరిలో జట్టు ప్రధాన ఆటగాడు లూకా డాన్సిచ్‌ను లేకర్స్‌కు ఇచ్చేశారన్న కోపంలో మా బావమరిది ఉన్నాడు. ప్లేఆఫ్స్‌కు రాని జట్లలో కొత్త ఆటగాళ్లను ముందుగా ఎవరు ఎంచుకోవాలో తేల్చే డ్రాఫ్ట్ లాటరీలో మొదటి ఎంపిక రావడానికి ఆ జట్టుకు ఉన్న అవకాశం 1.8 శాతం. లాటరీ ముందు రోజు అతను ఫోన్ చేసి, "బావా, మనకు ఏమన్నా ఆశ ఉందంటావా?" అని అడిగాడు. మే 13 తెల్లవారుజామున, ఇక్కడ ఇంకా పాలవాడు కూడా రాకముందే ఫోన్ మోగింది. డల్లాస్‌కే మొదటి ఎంపిక వచ్చింది. ఆ ఏడాది కొత్తవాళ్లలో అందరూ కోరుకున్న కూపర్ ఫ్లాగ్ వాళ్లవాడు కాబోతున్నాడు. తక్కువ అవకాశం ఉందన్నానే గాని అసలు లేదనలేదు కదా అని దబాయించబోయాను. నిజానికి ముందు రోజు నేను శాతం మాటే ఎత్తలేదు. "రాదులే, పడుకో" అన్నాను.