చెరువులో చేపలు తేలితే మందు కలిపినట్టేనా? మురుగునీటిపై అపోహలు - వాస్తవాలు

చెరువులో చేపలు తెల్లగా తేలిన ప్రతిసారీ ఊళ్లో మొదట పుట్టే మాట ఒక్కటే: "ఎవరో మందు కలిపిండ్రు." హైదరాబాద్ మురుగు మోసుకొచ్చే మూసీ నది కత్వల (చిన్న ఆనకట్టల) కింద, ఉమ్మడి నల్లగొండలో పిల్లాయిపల్లి, బునాదిగాని కాల్వల నీళ్లు దిగే చెరువుల్లో ఈ మాట మరీ ఎక్కువ. పక్క ఊరి మీద అనుమానం, మత్స్యకారుల సంఘంలోనే రెండు వర్గాలు, పోలీస్ స్టేషన్, పంచాయితీ. ఈలోగా చేపలను చంపిన నీళ్లు మాత్రం కాల్వలోంచి చెరువులోకి దిగుతూనే ఉంటాయి. మత్స్యకారులను అన్నిటికన్నా ఎక్కువగా ముంచుతున్న అపోహ ఇదే.

చాలాసార్లు జరిగేది ఊపిరాడక చావడం. శుద్ధి చేయని మురుగుకు బీవోడీ (కుళ్లును తినే క్రిములు ఐదు రోజుల్లో వాడుకునే ప్రాణవాయువు) లీటరుకు 200-300 మిల్లీగ్రాములు ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో మంచినీళ్లు పట్టి ఉంచగలిగే ప్రాణవాయువు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములే. అంటే ఒక బిందె మురుగు ఐదు రోజుల్లో ముప్పై బిందెల మంచినీళ్లలోని ప్రాణవాయువు మొత్తాన్ని తాగేస్తుంది. దానికి తోడు మురుగులోని నత్రజని, భాస్వరం తిని నాచు పచ్చగా ఎక్కుతుంది. పగలు ప్రాణవాయువు ఇచ్చే ఆ నాచే రాత్రంతా దాన్ని పీలుస్తుంది. అందుకే చావులు తెల్లవారుజామునే. మధ్యాహ్నం పన్నెండుకు డీవో (నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువు) కొలిచే మీటరు పెట్టి "డీవో పది ఉంది, నీళ్లు బాగానే ఉన్నాయి, కచ్చితంగా మందే" అనే వాళ్లతోనే అసలు చిక్కు. అదే చెరువులో తెల్లవారి ఐదింటికి ఒకటి కూడా ఉండకపోవచ్చు. రవ్వ, బొచ్చె నిబ్బరంగా బతకాలంటే నాలుగైదు కావాలి.

ఒడ్డున నిలబడే తేడా చాలావరకు పట్టొచ్చు. ప్రాణవాయువు తగ్గితే చేపలు ముందు పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తాయి. పెద్దవి ముందు పోతాయి. రవ్వలు, బొచ్చెలు తేలినా కొర్రమట్ట మాత్రం తిరుగుతూ ఉంటుంది, ఎందుకంటే అది పైకొచ్చి గాలి పీల్చుకోగలదు. పురుగుమందు పడితే వేళాపాళా ఉండదు, పిల్ల చేపలు ముందు పోతాయి, కొర్రమట్టకూ మినహాయింపు ఉండదు, నీటి పురుగులు కూడా చస్తాయి.

పరీక్షకు నీళ్లు తెచ్చే పద్ధతిలో ఇంకో పొరపాటు. మంచినీళ్ల బాటిల్‌లో సగం నింపి, బస్సులో ఊపుకుంటూ తెస్తే డీవో లెక్క పనికిరాదు, దారిలోనే గాలి కలిసిపోతుంది. 300 మి.లీ. బీవోడీ సీసాను నీటిలోపలే, బుడగ లేకుండా నింపాలి. ఒడ్డునే రెండు రసాయన ద్రావణాలు, మాంగనస్ సల్ఫేట్ రెండు మి.లీ., ఆల్కలీ అయోడైడ్ అజైడ్ రెండు మి.లీ., పిపెట్ (కొలత గొట్టం) మొనను నీటిలో ముంచి వదలాలి. మూత పెట్టి తిరగేయాలి. గోధుమరంగు మడ్డి దిగితే ప్రాణవాయువు ఉన్నట్టు. పాలలాగా తెల్లగా దిగిందా, ఆ నీటిలో ప్రాణవాయువు లేదు. ఆ తెల్లటి మడ్డి చూశాక ఎవరినీ అనుమానించే పని ఉండదు. మందు మీద నిజంగా అనుమానం ఉంటే గాజు సీసాలో వేరే నీళ్లు, అప్పుడే చచ్చిన చేప ఐస్‌లో పెట్టి ఇవ్వండి. కుళ్లిన చేపతో ఏమీ తేలదు.

"సున్నం కొడితే సరి" అన్నది దీని తర్వాతి ప్రమాదం. మురుగు చెరువులో అమోనియా ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో, పీహెచ్ (నీటి ఆమ్ల-క్షార గుణాల కొలత) ఏడు దగ్గర అందులో విషంగా మారేది నూటికి ఒక వంతు కూడా కాదు. పీహెచ్ ఎనిమిదికి ఏడెనిమిది వంతులు, తొమ్మిదికి నలభైకి పైనే. సున్నం పీహెచ్‌ను పెంచుతుంది, అంటే బతికున్న వాటిని కూడా చంపుతుంది. చేయాల్సింది: మురుగు దిగే కాల్వను కట్టేయడం, దాణా, పేడ, యూరియా ఆపడం, అర్ధరాత్రి నుంచి ఎండ వచ్చేదాకా మోటారుతో నీళ్లు ఎత్తి చిమ్మడం. బోరు నీళ్లు వదిలితే పైనుంచి చిమ్మేలా వదలాలి, పైపు ముంచి వదిలితే లాభం లేదు. బోరు నీళ్లలోనే ప్రాణవాయువు తక్కువ.

"వాసన పోయింది, మురుగు పోయింది" అనేది కూడా తప్పే. సోలిపేట మూసీ ప్రాజెక్టు దాటేసరికి నురగ, కంపు తగ్గుతాయి. నత్రజని మాత్రం నైట్రేటుగా మారి నీళ్లతోనే సాగిపోతుంది.

"నల్లగొండ ఎక్కడ, సముద్రం ఎక్కడ, మన మురుగు అక్కడిదాకా పోతుందా?" అనేది ఇంకో అపోహ. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుంచి పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటి, వరద రోజుల్లో హంసలదీవి దగ్గర బంగాళాఖాతం చేరుతుంది. సముద్రం పెద్దదే, కానీ మురుగు పడేది ఒడ్డున, లోతు తక్కువ ఉన్న చోట. తీరంలో నాచు పెరగకుండా ఆపేది చాలావరకు నత్రజని కొరతే. ఆ కొరత తీర్చితే నాచు విరగబెరుగుతుంది, చచ్చి అడుగుకు దిగుతుంది, కుళ్లుతూ అడుగు నీటిని ఊపిరాడకుండా చేస్తుంది. ఏటి నీళ్లు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటాయి, గాలి కిందికి దిగదు. నత్తలు, ఆల్చిప్పలు పారిపోలేవు. అమెరికాలో మిసిసిపి నది సముద్రంలో కలిసే చోట 2017లో 22 వేల చదరపు కిలోమీటర్లకు పైగా సముద్రపు అడుగు ఇలా మారింది. అక్కడ ఎక్కువ పాలు పొలాల ఎరువులది, మిగతాలో కొంత మురుగుది. అందులో చాలావరకు సముద్రానికి వందల కిలోమీటర్ల ఎగువన కలిసిందే.

"ఉప్పునీళ్లలో క్రిములు బతకవు." కొన్ని బతకవు, వైరస్‌లు బతుకుతాయి. ఆల్చిప్ప రోజుకు పదుల లీటర్ల నీళ్లు వడపోసి వాటిని ఒంట్లో చేర్చుకుంటుంది. 1988లో షాంఘైలో మురుగు నీటి గవ్వలను పైపైన వేడిచేసి తిని దాదాపు మూడు లక్షల మందికి హెపటైటిస్-ఎ (కాలేయానికి సోకే వైరస్ జబ్బు) సోకింది.

ఇక అందరూ భయంగా అడిగేది, చేపలు తినొచ్చా అని. భయపడటంలో తప్పు లేదు. తేలిన చేప ఎంత తాజాగా కనిపించినా వద్దు, అమ్మొద్దు. బతికున్నది పట్టి, పేగులు, మొప్పలు తీసి బాగా ఉడికిస్తే క్రిములు చస్తాయి. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చోట అయితే సీసం, కాడ్మియం లాంటివి ఎంత ఉడికించినా పోవు. అలాంటి చోటి చేపలు పిల్లలకు, గర్భిణులకు పెట్టకండి.