పంజరంలో ఎలక్ట్రాన్‌కు కదలిక ఎలా వస్తుంది?

అయానిక్ స్ఫటికంలో రుణ అయాన్‌ను తీసేసి, ఆ చోట ఉత్త ఎలక్ట్రాన్‌ను ఉంచితే దాన్ని ఎలక్ట్రైడ్ అంటారు. 1983లో జేమ్స్ డై బృందం చేసిన తొలి ఎలక్ట్రైడ్ గది వేడికే పాడైపోయేది. గది వేడికి తట్టుకుని నిలిచేదాన్ని 2003లో జపాన్‌లో హిదెయో హొసొనో బృందం సాధించింది. దాని ముడిసరుకు అల్యూమినా సిమెంట్లలో ఉండే సి12ఏ7. అంటే 12 మోల్‌ల కాల్షియం ఆక్సైడ్‌కు 7 మోల్‌ల అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్ (గ్రాములు కాదు, అక్కడే చాలామంది తప్పుతారు). పాళ్లు కాస్త తేడా వచ్చినా వేరే కాల్షియం అల్యూమినేట్లు కలిసిపోతాయి.

దీని యూనిట్ సెల్‌లో (స్ఫటికమంతటా పదేపదే వచ్చే అతి చిన్న ముక్కలో) అణువుల గూళ్లలాంటి 12 పంజరాలుంటాయి, లోపలి వెడల్పు సుమారు 0.4 నానోమీటర్లు. రెండింట్లో మాత్రం ఒక్కో ఆక్సిజన్ అయాన్ వదులుగా ఉంటుంది. ఆ రెండూ బయటికొస్తే 4 ఎలక్ట్రాన్లు లోపల మిగులుతాయి.

వాటిని బయటికి లాగేది ఆక్సిజన్ కోసం ఆబగా ఉండే లోహం. గాలి తీసేసిన సిలికా గొట్టంలో సి12ఏ7ను కాల్షియంతో కలిపి సీలు చేసి 700 డిగ్రీల సెల్సియస్ దగ్గర రోజుల తరబడి ఉంచుతారు. చిక్కేమిటంటే, పైన కాల్షియం ఆక్సైడ్ పొర పేరుకుని పని నెమ్మదిస్తుంది. టైటానియం వాడి వేడిని 1000 డిగ్రీలు దాటిస్తే ఈ బాధ తక్కువ, అప్పుడు ఏర్పడే టైటానియం ఆక్సైడ్ పొర గుండా ఆక్సిజన్ పోగలదు.

ఎలక్ట్రాన్లు చేరినంత మాత్రాన కరెంటు ధారాళంగా పారదు. కొద్దిగా ఉన్నప్పుడు ఒక్కో ఎలక్ట్రాన్ తన పంజరంలోని కాల్షియం అయాన్లను లోపలికి లాక్కుంటుంది. నులకమంచం మీద కూర్చున్నచోటే పల్లం పడ్డట్టు, అందులోంచి లేవడానికి దానికి వేడి కావాలి. అప్పుడు స్ఫటికం ఆకుపచ్చగా ఉంటుంది, వాహకత స్వల్పం. ఆక్సిజన్ మిగిలిన పంజరాలైతే ఇంకా ఎక్కువ వంకరపోయి ఉంటాయి. ఆక్సిజన్ పోయేకొద్దీ పంజరాలన్నీ ఒకే ఆకారానికి వస్తాయి, పక్కపక్క పంజరాల్లోని ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిలు కలుస్తాయి. ఘన సెంటీమీటరుకు ఎలక్ట్రాన్లు 10²¹ దాటేసరికి అవి ఏ పంజరానికీ కట్టుబడవు. 4 ఎలక్ట్రాన్లూ నిండితే 2.3×10²¹, వాహకత సెంటీమీటరుకు 1500 సీమెన్స్ (వాహకతను కొలిచే ప్రమాణం) దాకా. రాగితో పోలిస్తే 400 రెట్లు తక్కువే, కానీ మొదలుపెట్టింది కరెంటు పారని పదార్థంతో.

ఆకుపచ్చ స్ఫటికం నల్లబడగానే లోహంలా మారిందనుకోకూడదు. పైపొర గీకేసి, నాలుగు తీగలతో నిరోధం కొలవాలి. రెండే తీగలైతే అతుకుల నిరోధం కూడా లెక్కలోకొస్తుంది. చల్లార్చేకొద్దీ నిరోధం తగ్గితే లోహం, పెరిగితే ఎలక్ట్రాన్లు ఇంకా పల్లాల్లోనే ఉన్నట్టు. తర్వాత దాన్ని గాలిలో కొలిమికెక్కించకూడదు, ఆక్సిజన్ తిరిగి పంజరాల్లో చేరిపోతుంది.