లెక్కలు రాకపోతే ఫిజికల్ కెమిస్ట్రీ రాదా? అపోహలు - వాస్తవాలు

"మేడం, నేను బైపీసీ నుంచి వచ్చాను. ఫిజికల్ చాయిస్‌లో వదిలేసి ఆర్గానిక్, ఇనార్గానిక్ చదువుకుంటాను."

డిగ్రీలో కెమిస్ట్రీ చెప్పేవాళ్లు ఎవరైనా ఈ మాట ఏటా వింటూనే ఉంటారు. అది ఆ పిల్లల సొంత అనుభవం కాదు, పుస్తకం తెరవకముందే సీనియర్లు చెవిలో ఊదింది. ఆ సీనియర్లకు వాళ్ల సీనియర్లు ఊదారు. ఈ పుకారు నమ్మి కొన్ని యూనిట్లు పూర్తిగా వదిలేస్తారు. చదివినవాటిలో ప్రశ్నలు అటూ ఇటూ అయితే సప్లీ రాస్తారు. వాళ్లను చూస్తే కోపం కన్నా జాలే ఎక్కువ వేస్తుంది. అందుకే ముందు దీని సంగతి తేల్చేద్దాం, మిగతావి తర్వాత.

అపోహ: ఫిజికల్ కెమిస్ట్రీ ఎంపీసీ వాళ్లకే వస్తుంది.

వాస్తవం: మొదట్లో కావలసిన లెక్కలు చాలా కొద్ది. లాగ్ అంటే ఏమిటో తెలియాలి. గ్రాఫులో సరళరేఖ వాలు లెక్కకట్టడం రావాలి. గాఢత మారే వేగాన్ని అవకలనంగా రాస్తామని, దాన్ని వెనక్కి తిప్పితే సమాకలనమని తెలియాలి. ప్రథమ క్రమాంక చర్యకు (అంటే వేగం గాఢతకు నేరుగా అనుపాతంలో ఉండే చర్యకు) కావలసిన సమాకలనం ఒక్కటే, దాని జవాబు సహజ లాగ్. దాన్ని పది ఆధారంగా ఉన్న లాగ్‌లో రాయాలంటే 2.303తో గుణిస్తాం. రికార్డు నిండా 2.303 రాసి, అది ఎక్కడి నుంచి ఊడిపడిందో చెప్పలేనివాళ్లలో ఎంపీసీ వాళ్లూ బోలెడు మంది. లాగ్ 2 విలువ 0.301. 2.303తో గుణించి చూడండి, 0.693 వస్తుంది. అర్ధాయువు (గాఢత సగమవడానికి పట్టే కాలం) సూత్రంలో పైన ఉండే అంకె అదే. గాఢత సగమైంది కాబట్టి లాగ్ 2 వచ్చింది. దీనికోసం రెండేళ్లు ఇంటర్ లెక్కలు చదివి ఉండాలా?

మరి మార్కులు పోయేది ఎక్కడ? యూనిట్ల దగ్గర. మంచు కరగడాన్నే తీసుకోండి. ఒక మోల్ మంచు కరిగితే ఎంథాల్పీ మార్పు (డెల్టా హెచ్, పీల్చుకునే వేడి) 6.01 కిలోజౌల్స్, ఎంట్రోపీ మార్పు (డెల్టా ఎస్, పెరిగే క్రమరాహిత్యం) కెల్విన్‌కు 22 జౌల్స్. గిబ్స్ సమీకరణం అందరికీ నోటికి వచ్చు: డెల్టా హెచ్‌లోంచి టి డెల్టా ఎస్ తీసేస్తే డెల్టా జి (టి అంటే కెల్విన్‌లో ఉష్ణోగ్రత). డెల్టా జి మైనస్ అయితే మార్పు దానంతట అది జరుగుతుంది, ప్లస్ అయితే జరగదు, సున్నా అయితే సమతాస్థితి. 273 కెల్విన్ (సున్నా డిగ్రీల సెల్సియస్) దగ్గర ఎంత అని అడిగితే, 6.01లోంచి 6006 తీసేసి మైనస్ 6000 అని ధీమాగా రాస్తారు. తీసివేత కరెక్టే! ఒకటి కిలోజౌల్స్‌లో ఉంది, రెండోది జౌల్స్‌లో ఉంది, అంతే. 22ను 0.022 చేసి మళ్లీ చేయండి: 6.01లోంచి 6.006 పోతే దాదాపు సున్నా. సున్నా డిగ్రీల దగ్గర మంచూ నీళ్లూ సమతాస్థితిలో ఉంటాయన్న సంగతి మీ చేతి లెక్కలోనే బయటపడింది. 298 పెడితే మైనస్ 0.55, అంటే కరుగుతుంది. 263 పెడితే ప్లస్ 0.22, కరగదు. ఇందులో కూడికలు, తీసివేతలు, గుణకారాలు తప్ప ఏమున్నాయి? గ్యాస్ స్థిరాంకం గొడవా ఇదే. 8.314 అన్నా 0.0821 అన్నా ఒకే స్థిరాంకం, మొదటిది జౌల్స్‌లో, రెండోది లీటర్ అట్మాస్ఫియర్లలో. సూత్రం రాసిన ప్రతిసారీ పక్కన యూనిట్లు రాసే అలవాటు ఉన్న బైపీసీ పిల్ల, ఆ అలవాటు లేని ఎంపీసీ పిల్లవాడి కన్నా ముందుంటుంది. ఇది నేను చూస్తున్నదే.

ల్యాబ్‌లో ఒకమ్మాయి గుర్తొస్తోంది. బీజెడ్‌సీ, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ గ్రూపు. లెక్కలంటే ఎంత టెన్షనో, బ్యూరెట్ పట్టుకున్న చెయ్యి వణికేది. ఆ రోజు మిథైల్ ఎసిటేట్ అనే ఎస్టర్ జలవిశ్లేషణ చేస్తున్నారు, అంటే అది నీళ్లతో విడిపోయి ఎసిటిక్ ఆమ్లం పుట్టే చర్య. ఎస్టర్ కలపగానే ఐదు మిల్లీలీటర్లు తీసి, చర్య నెమ్మదించడానికి చల్లటి ఐసు నీళ్లలో వేసి, ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి, ఆమ్లం ఎంతుందో తెలియడానికి బ్యూరెట్‌లోని క్షారంతో టైట్రేట్ చేయాలి. ఆమె మొదటి రీడింగు దగ్గరే ఆగిపోయి, "మేడం, ఎసిటిక్ ఆమ్లం ఇంకా పుట్టనే లేదు కదా, క్షారం ఇంత ఎందుకు దిగింది?" అంది. సూత్రంలో అంకెలు వేసుకుంటూ పోతున్న మిగతా బ్యాచ్‌లో ఎవరికీ ఆ అనుమానం రాలేదు. అది ఉత్ప్రేరకంగా వేసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం. చివరిదాకా అంతే ఉంటుంది కాబట్టి, అనంత రీడింగులోంచి (చర్య పూర్తిగా అయిపోయాక తీసే రీడింగు) ప్రతి రీడింగునూ తీసేసినప్పుడు దాని వాటా కొట్టుకుపోతుంది. సూత్రంలో ఆ తీసివేతలు ఉన్నదే అందుకు. ఫిజికల్ కెమిస్ట్రీకి కావలసిన బుర్ర అలాంటి ప్రశ్న వేసే బుర్ర. కాలిక్యులేటర్ ఐదు నిమిషాల్లో నేర్పొచ్చు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: వేడి విడుదల చేసే చర్యలే వాటంతట అవి జరుగుతాయి.
వాస్తవం: పైన మంచు లెక్క చూశారుగా, అది ఉష్ణగ్రాహకమే. అమ్మోనియం క్లోరైడ్‌ను నీళ్లలో వేసి బీకరు పట్టుకోండి, చల్లబడుతుంది. ఎవరూ బలవంతం చేయకుండానే కరుగుతుంది.

అపోహ: తుల్య సమీకరణంలో పదార్థం ముందున్న అంకే చర్యా క్రమాంకం (వేగం గాఢత ఎన్నో ఘాతం మీద ఆధారపడుతుందో చెప్పే అంకె).
వాస్తవం: డైనైట్రోజన్ పెంటాక్సైడ్ విఘటనంలో ముందు 2 ఉంటుంది, క్రమాంకం మాత్రం 1. క్రమాంకం ప్రయోగంతోనే తేలాలి.

అపోహ: ఉత్ప్రేరకం వేస్తే ఉత్పన్నం ఎక్కువ వస్తుంది.
వాస్తవం: త్వరగా వస్తుంది. అమోనియా తయారుచేసే హేబర్ పద్ధతిలో ఉత్ప్రేరకమైన ఇనుము సమతాస్థితికి తొందరగా చేరుస్తుందే తప్ప, అదే ఉష్ణోగ్రత, అదే పీడనం దగ్గర సమతాస్థితిలో ఉండే అమోనియా వాటాను పెంచదు. సమతాస్థితి అంటే చర్య ఆగిపోవడమని కూడా రాయకండి, రెండు వైపులా ఒకే వేగంతో జరుగుతూనే ఉంటుంది.

అపోహ: పది డిగ్రీలు పెరిగితే ఏ చర్యకైనా వేగం రెట్టింపు.
వాస్తవం: ఉత్తేజన శక్తి (చర్య జరగడానికి దాటాల్సిన శక్తి గట్టు) మోల్‌కు 50 కిలోజౌల్స్ చుట్టూ ఉంటే, గది ఉష్ణోగ్రత దగ్గర దాదాపు నిజం. అర్హీనియస్ 1889లో ఇచ్చిన సమీకరణంలో వేసి చూసుకోండి. సెల్సియస్ కాదు, కెల్విన్ వేయండి బాబూ.

అపోహ: అనంత రీడింగు తీయకపోయినా అంచనాగా ఒకటి వేసేస్తే రికార్డు అయిపోతుంది.
వాస్తవం: పట్టికలో ప్రతి వరుసా దాని మీదే ఆధారపడి ఉంది. అది తప్పితే, ఒకేలా ఉండాల్సిన రేటు స్థిరాంకం వరుస వరుసకీ ఒకే వైపు జరుగుతూ పోతుంది, దిద్దేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఫ్లాస్కును వేడినీళ్ల తొట్టిలో ఉంచి చర్య పూర్తి కానివ్వండి, లేదా మూత బిగించి మర్నాటిదాకా వదిలేయండి. మీద మీ బ్యాచ్ నంబరు రాయండి. లేకపోతే అటెండరు సాయంత్రం కడిగి బోర్లిస్తాడు.