ఇద్దరికీ సరిపోయే చిన్న తెరచాప పడవ: అపోహలు - వాస్తవాలు

టెక్సస్, ఓక్లహోమా సరిహద్దులో టెక్సోమా సరస్సు ఉంది. రెడ్ రివర్ మీద 1944లో పూర్తయిన డెనిసన్ ఆనకట్ట వెనక నిలిచిన నీళ్లు. శని, ఆదివారాలు అక్కడ తెరచాప పడవ నడపడం నేర్పుతాను. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు నుంచి మన తెలుగు జంటలు కూడా వస్తుంటారు. చెయ్యి కాస్త తిరగగానే అడిగే ప్రశ్న ఒకటే: "అక్కా, కారు వెనక ట్రైలర్ మీద లాక్కెళ్లే చిన్న పడవ కొందామనుకుంటున్నాం, ఏది తీసుకోమంటారు?" పడవ పేరు చెప్పే ముందు కొన్ని అపోహలు తీర్చాల్సి వస్తోంది. అవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఒకరికి బాగా నడపడం వస్తే చాలు, రెండోవారు పక్కన కూర్చుని చెప్పింది చేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఇద్దరున్న పడవలోంచి ఒకరు నీళ్లలో పడితే మిగిలేది ఒక్కరే. పడవ ఆపడం, వెనక్కి తిప్పడం, పడ్డవారి పక్కకు తెచ్చి నిలపడం, పైకి ఎక్కించడం, అన్నీ ఆ ఒక్కరే చెయ్యాలి. అందుకే నా దృష్టిలో జంటకు సరిపోయే పడవంటే ఇద్దరిలో ఎవరైనా ఒంటరిగా నడపగలిగేది. మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

పోయిన వసంతంలో ఒక జంట వచ్చారు. ఆయన అప్పటికే ఏడాదిగా నడుపుతున్నారు. ఆవిడ తాడు పట్టుకోమంటే పట్టుకుంటారు, వదలమంటే వదులుతారు, అంతవరకే. నేను ఒక ఫెండర్‌ను (పడవ ఒడ్డుకు రాసుకోకుండా పక్కన వేలాడదీసే గాలి బుడ్డ) నీళ్లలోకి విసిరి, "మీ ఆయన పడిపోయారనుకోండి, వెళ్లి తీసుకురండి" అన్నాను. ఆయన్ని నోరు మెదపొద్దన్నాను. గాలి గంటకు 20 కిలోమీటర్ల పైనే ఉంది. చుక్కాని కర్ర అటు తొయ్యాలా, ఇటు లాగాలా అని ఆవిడ తేల్చుకునేలోపే ఫెండర్ చిన్న చుక్కయిపోయింది. రెండోసారి దగ్గరకు వచ్చారు గానీ తెరచాప తాడు వదలకపోవడంతో పడవ దాన్ని దాటుకుని దూసుకుపోయింది. మూడోసారీ అంతే. నాలుగోసారి గాలివాలు వైపు కాస్త దిగి, అక్కణ్నుంచి గాలికి ఎదురుగా మళ్లి, రెండు తెరచాపల తాళ్లూ వదిలేశారు. తెరచాపలు టపటపా కొట్టుకుంటూ పడవ నిలిచిపోయింది. ఫెండర్ చేతికందే దూరంలో ఉంది. ఆవిడ దాన్ని పైకి లాగి, ఒళ్లో పెట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఫెండర్‌ను ఒంటిచేత్తో ఎత్తొచ్చు. బట్టలన్నీ తడిసిన మనిషిని పడవ అంచు మీదుగా లాగడం ఎంత బలమున్నవారికైనా కష్టం. పడవ వెనక భాగంలో నిచ్చెన ఉందా, నీళ్లలో ఉన్నవారు తమంతట తాము దాన్ని కిందికి లాక్కోగలరా అన్నది చూడండి. లేకపోతే బిగించుకున్నాకే నీళ్లలోకి దించండి. లైఫ్ జాకెట్ ఇద్దరి ఒంటి మీదా ఉండాలి, సీటు కింద కాదు.

అపోహ: పడవ ఎంత పొడవైతే అంత సుఖం, అంత భద్రం.

వాస్తవం: పొడవు కాస్త పెరిగినా బరువు మాత్రం బాగా పెరిగిపోతుంది, ఎందుకంటే వెడల్పూ లోతూ కూడా దానితోపాటే పెరుగుతాయి. అమెరికాలో ఈ తరహా పడవల్లో అందరికీ తెలిసింది కాటలినా 22. ఫ్రాంక్ బట్లర్ రూపకల్పన, 1969లో తయారీ మొదలైంది, 15 వేలకు పైగా కట్టారు. బరువు దాదాపు 2,250 పౌండ్లు. వెస్ట్ వైట్ పాటర్ 19 దానికన్నా మూడడుగులే చిన్నది, బరువు మాత్రం 1,225 పౌండ్ల చిల్లర. ఒడ్డు మీద చేత్తో జరిపేటప్పుడు, రేవు దగ్గర పక్కగాలి తోసేటప్పుడు ఆ తేడా ఒంటికి తెలిసొస్తుంది.

పొడవుతోనే భద్రత వచ్చేస్తుందనుకోకండి. 1963లో ఇంగ్లండ్ నావికుడు ఫ్రాంక్ డై 16 అడుగులకన్నా పొట్టిదైన, పైకప్పే లేని వేఫేరర్ పడవలో స్కాట్లండ్ నుంచి ఐస్‌లాండ్ వెళ్లారు. ఆయన్ని అనుకరించమని చెప్పడం లేదు. ఆయన్ని ఒడ్డు చేర్చింది నేర్పు అని చెబుతున్నాను.

రెండేసి రాత్రులు పడవలోనే పడుకుంటాం, వండుకుంటాం అంటే 22 అడుగులది న్యాయమే. పొద్దున వెళ్లి, మధ్యాహ్నం పులిహోర తిని, చీకటి పడకముందే ఇంటికొచ్చే జంటకు 16 నుంచి 19 అడుగులు ధారాళంగా సరిపోతాయి. అడగడానికి మొహమాటపడే విషయం ఒకటుంది, టాయిలెట్. పాటర్ 19లో కూడా పోర్టా పాటీ (మోసుకెళ్లే చిన్న టాయిలెట్) పెట్టుకునే చోటు ఉంటుంది. ఆ ఒక్కదాని కోసం పెద్ద పడవ కొననక్కర్లేదు.

అపోహ: ట్రైలర్ పడవే కదా, ఇంట్లో ఉన్న కారు లాగేస్తుంది.

వాస్తవం: మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే టొయోటా సియెన్నా లాగే పరిమితి 2020 మోడల్ వరకు 3,500 పౌండ్లు, 2021 నుంచి వచ్చిన హైబ్రిడ్‌కు 1,500 పౌండ్లే. బ్రోషర్‌లో రాసేది ఖాళీ పడవ బరువు. కాటలినా 22కి ట్రైలర్, మోటారు, పెట్రోలు, బ్యాటరీ, లంగరు, ఐస్ బాక్స్ కలిపితే 3,500 గీత దగ్గరకు వచ్చేస్తుంది, దాటినా ఆశ్చర్యం లేదు. పాటర్ అయితే దానికి చాలా కిందే ఆగుతుంది, కానీ ట్రైలర్‌తో కలిపితే 1,500 దాటొచ్చు. కారు మాన్యువల్ తెరిచి అంకె చూడండి, సామాను నింపిన పడవను ఒకసారి ట్రక్కుల కాటా మీద తూయించండి. మొత్తం బరువులో దాదాపు పదో వంతు హిచ్ (కారు వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడేలా సర్దాలి. అది తగ్గితే హైవే మీద ట్రైలర్ పాములా మెలికలు తిరుగుతుంది.

అపోహ: కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) పైకి మడిచే పడవలు బోల్తా పడతాయి.

వాస్తవం: కాటలినా 22లో మడిచే కీల్ ఒక్కటే 550 పౌండ్ల ఇనుము. దించి, గట్టిగా బిగించి నడిపితే పడవను నిలబెట్టేది అదే. పైకి ఎత్తేస్తే రెండడుగుల నీళ్లలోనూ తేలుతుంది. వేసవిలో నీళ్లు తగ్గే మా సరస్సులకు అది వరం.

అపోహ: ర్యాంప్ (నీళ్లలోకి దిగే వాలు దారి) దగ్గర పావుగంటలో నీళ్లలోకి దించేస్తాం.

వాస్తవం: 22 అడుగుల పడవైతే కొత్త జంటకు గంటన్నర పడుతుంది, అలవాటయ్యాక ముప్పావు గంట. సాయంత్రం అలసిపోయి తిరిగొచ్చాక మళ్లీ అదంతా విప్పాలి. మాస్ట్, అంటే తెరచాప కట్టే స్తంభం, పాతికడుగుల దాకా ఉంటుంది. భుజబలంతో ఎత్తొద్దు. ముందు ఒక ఊతకర్ర నిలబెట్టి, కప్పీ, వించ్ (తాడు చుట్టే మర) సాయంతో ఎత్తే పద్ధతి ఉంది, దాంతో ఒక్కరే ఎత్తొచ్చు. మాస్ట్ ముట్టుకునే ముందు తల పైకెత్తి కరెంటు తీగలు చూడండి. అల్యూమినియం మాస్ట్ తీగకు తగిలితే ప్రాణాలు పోతాయి, అలా పోయినవారున్నారు. ఎత్తిన మాస్ట్‌తో పార్కింగ్ నుంచి ర్యాంప్‌కు వెళ్లే దారంతా కూడా చూడాలి.

అపోహ: పాత పడవ చవగ్గా వస్తోంది, కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

వాస్తవం: పాత పడవే కొనండి, కానీ ముందు తట్టి చూడండి. డెక్‌లో, అంటే పడవ మీద మనం నడిచే పైభాగంలో, రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య చెక్క ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో అడుగడుగునా కొట్టుకుంటూ వెళ్తే మంచి చోట టక్‌టక్‌మని గట్టిగా పలుకుతుంది. చెక్క కుళ్లిన చోట డబ్‌డబ్‌మని మొద్దు చప్పుడు వస్తుంది. మాస్ట్ కింద, తాళ్ల బోల్టుల చుట్టూ మొద్దు చప్పుడొస్తే బేరం ఆపేయండి. తర్వాత ట్రైలర్ టైర్ల మీద నాలుగంకెలు వెతకండి. 2316 అంటే 2016లో 23వ వారంలో తయారైందని. పైన గీతలు కొత్తగా కనిపించినా అంత పాత టైరుతో హైవే ఎక్కొద్దు.

చూడ్డానికి ఇద్దరూ కలిసే వెళ్లండి. అమ్మేవారిని మాస్ట్ ఎత్తి చూపించమనండి. దించాక, మీ ఇద్దరిలో బలం తక్కువున్నవారు ఒకసారి ఎత్తి చూడండి, రెండోవారు దూరంగా నిలబడి.