సెలవులకు వచ్చే ముందు ఒక ఉత్తరం

కర్నూలు

చిరంజీవులిద్దరికీ తాత ఆశీస్సులు.

దసరా సెలవులకు కర్నూలు అనగానే మీ మొహాలు చిన్నబోయాయని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "అక్కడ ఏముంది? పైగా ఎక్కడికి పోవాలన్నా ఖర్చే కదా" అన్నారట. అమ్మ చేతిలో ఈ ఏడాది డబ్బు లేదని మీకు తెలుసు కాబట్టి అన్న మాట అది. మీరు అంత ఆలోచించినందుకు సంతోషమే. కానీ జేబులో రూపాయి లేకుండా పది రోజులూ ఊరు తిరగొచ్చని చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. నేను కేసీ కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ మీద లష్కరుగా చేసి రిటైరైనవాణ్ణి. కాలువ గట్టున నడవడం, తూములు చూసుకోవడం, పొద్దున్నే గేజి చదివి ఎన్ని అడుగుల నీళ్ళున్నాయో రాసిపెట్టడం, ఇదే నా ఉద్యోగం. కాబట్టి ఈ ఊరిని నేను నీళ్ళ వెంటే చూశాను. మీకూ అలాగే చూపిస్తాను.

ముందు ఒక మాట. టికెట్ కొని లోపలికి పోయిన చోట మనసు నిలవదు. ఇచ్చిన డబ్బు గిట్టుబాటు కావాలి, అన్నీ ఈ పూటే చూసేయాలి అని పరుగు పెడతాం. టికెట్ లేని చోటికి ఈ రోజు పది నిమిషాలు పోయి, రేపు సాయంత్రం మళ్ళీ పోవచ్చు. వాన పడ్డాక ఇంకోసారి పోవచ్చు. ఒకే గోడ పొద్దున ఒకలా, పొద్దు గూకే వేళ ఇంకోలా ఉంటుంది. అది చూడాలంటే మళ్ళీ మళ్ళీ పోవాల్సిందే.

మొదటి రోజు మబ్బున్నే లేచి తుంగభద్ర ఒడ్డుకు పోదాం. అవతలి వైపు తెలంగాణ. అటుపక్కనే అలంపురం ఉంది, చాళుక్యుల కాలపు రాతి గుళ్ళున్న ఊరు. మన ఊరి పేరు అక్కడినుంచే మొదలవుతుంది. ఆ గుళ్ళకు రాళ్ళు మోసే ఎద్దుల బండ్లు ఇక్కడే నది దాటేవట. దాటే ముందు బండి ఆపి ఇరుసులకు కందెన పూసుకునేవాళ్ళు. కందెన అంటే చక్రం బిరుసెక్కకుండా పూసే నూనె జిడ్డు. ప్రోలు అంటే ఊరు. కందెన పూసే చోట వెలిసిన ఊరు కందెనవోలు అయిందని, అదే నోళ్ళలో నాని కర్నూలు అయిందని పెద్దలు చెబుతారు. రాజు పేరు మీదో దేవుడి పేరు మీదో ఉన్న ఊళ్ళు చాలా ఉన్నాయి. బండి తోలేవాళ్ళ పని మీద పేరు పడిన ఊరు మనది. నాకు అది ఎప్పుడూ గర్వంగానే ఉంటుంది.

అక్కడినుంచి నడిచే కొండారెడ్డి బురుజుకు పోవచ్చు. సినిమాల్లో చూసే ఉంటారు. సినిమాలో అది నాలుగు క్షణాలే కనిపిస్తుంది. మనం మాత్రం కింద నిలబడి రాళ్ళ వరసలు చూద్దాం. విజయనగరాన్ని 1529 నుంచి 1542 వరకు ఏలిన అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన కోట ఇది. కోట గోడలు చాలావరకు పోయాయి, ఈ బురుజు మాత్రం ఊరి నడిబొడ్డున నిలిచింది. అలంపురం పాలకుడు కొండారెడ్డిని ఇందులో బంధిస్తే ఇక్కడే ప్రాణం విడిచాడని, అందుకే ఆ పేరు పడిందని అంటారు. లోపలినుంచి నది అడుగున గద్వాల దాకా సొరంగం ఉందని కూడా మీకు ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు. కథగా వినండి, బాగుంటుంది. నది అడుగున అంత దూరం సొరంగం తవ్వి నీళ్ళు రాకుండా ఆపడమంటే ఎంత పనో కాలువ మీద పనిచేసినవాడిగా నాకు తెలుసు. అందుకే నేను నమ్మను.

తర్వాత హంద్రీ నది ఒడ్డున గోల్ గుమ్మజ్. బిజాపూరు సుల్తానుల తరఫున కర్నూలును పాలించిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి అది, 17వ శతాబ్దిది. అక్కడ గట్టిగా మాట్లాడొద్దు. నీడలో కూర్చుని పైన గుమ్మటాల వంపు చూడండి, చాలు. ఆ తర్వాత నవాబుల కాలం నడిచింది. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో ఇంగ్లీషువాళ్ళు గద్దె దించారు.

ఇక నా కాలువ. దీని దగ్గర మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెడతాను, ఓపిక పట్టాలి. కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట కట్టి, అక్కడినుంచి కడప దాకా తవ్విన కాలువ ఇది. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ మొదలుపెట్టింది. పొలాలకు నీళ్ళు ఇవ్వాలి, పడవల మీద సరుకులు కూడా నడపాలి, రెండింటి మీదా డబ్బు రావాలి అని వాళ్ళ ఆశ. లెక్క తప్పింది. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. పడవల మాట ఎప్పుడో పోయింది, పొలాలకు నీళ్ళు మాత్రం ఇప్పటికీ పోతున్నాయి.

ఊళ్ళో ఈ కాలువకు హంద్రీ అడ్డం వస్తుంది. మీరే ఆలోచించండి, అప్పుడు ఏం చేయాలి? కాలువను నదిలో కలిపేస్తే నీళ్ళు కిందికి దిగిపోతాయి. దిగిన నీళ్ళను అవతలి గట్టు మీదికి మళ్ళీ ఎక్కించలేం. కాలువలో నీళ్ళు మోటారుతో పోవు, వాలు మీదే పోతాయి. వాలు కూడా చాలా కొంచెమే ఉంటుంది. ఎత్తు ఒకసారి పోగొట్టుకుంటే ముందున్న పొలాలకు నీళ్ళు ఎక్కవు. అందుకని నది మీద వంతెన కట్టి, ఆ వంతెన మీద కాలువనే నడిపించారు. అక్విడెక్టు అంటాం. కింద నది, పైన కాలువ. రెండు నీళ్ళూ ఒకదాన్ని ఒకటి తాకకుండా దాటిపోతాయి. ఉద్యోగంలో చేరిన మొదటి వారం దాని దగ్గర నిలబడి పని మర్చిపోయాను. ఇప్పటికీ అటు పోతే కాసేపు ఆగకుండా రాలేను.

అక్కడ ఒక ఆట నేర్పిస్తాను. గట్టు వెంట ముప్పై అడుగులు కొలిచి రెండు గుర్తులు పెట్టుకుంటాం. పెద్దోడు పై గుర్తు దగ్గర ఎండుటాకు వేయాలి, చిన్నది కింది గుర్తు దగ్గర నిలబడి అంకెలు లెక్కపెట్టాలి. ఆకు ఎన్ని అంకెల్లో వచ్చిందో చూస్తే నీళ్ళ వేగం తెలుస్తుంది. మధ్యలో వేసి ఒకసారి, అంచున వేసి ఒకసారి చూడండి. అంచున నీళ్ళు మెల్లగా పోతాయి, గట్టు రాపిడి వాటిని పట్టుకుంటుంది. నేనూ ఇలాగే నేర్చుకున్నాను. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా: నేను పక్కన లేకుండా ఎవరూ గట్టు దిగకూడదు. మెట్ల మీద పాచి కంటికి కనబడదు. పైకి నిదానంగా కనిపించే నీళ్ళే మనిషిని లాక్కుపోతాయి. ఈత వచ్చినవాళ్ళను కూడా బయటికి తీసిన చేతులు ఇవి.

నీళ్ళ సంగతి చెబుతూ 2009 చెప్పకుండా ఉండలేను. ఆ అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే పొంగి ఊళ్ళోకి వచ్చాయి. దిగువన శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిన రోజులవి. నేనూ అవ్వా పక్కింటివాళ్ళ మిద్దె ఎక్కి రెండు రాత్రులు గడిపాం. వాళ్ళ దగ్గరున్న బొరుగులే అందరం పంచుకున్నాం. నీళ్ళు తీశాక ఇంటికొస్తే మోకాళ్ళ దాకా బురద. ట్రంకు పెట్టెలో దాచుకున్న మీ అమ్మ చిన్నప్పటి ఫొటోలన్నీ ముద్దయిపోయాయి. అమ్మ మీ వయసులో ఎలా ఉండేదో చూపించడానికి ఒక్కటి కూడా మిగల్లేదు. పాతబస్తీలో ఏ అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్ళనైనా "ఇక్కడ నీళ్ళు ఎంతవరకు వచ్చాయి?" అని అడగండి. లేచి వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. అడిగితే చాలు, కూర్చోబెట్టి మరీ చెబుతారు. మీరు వినాలి, మధ్యలో ఫోన్ చూడకూడదు.

బస్సు కండక్టర్లు "బి క్యాంపు, సి క్యాంపు" అని అరుస్తుంటే అదీ చరిత్రే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. నేను పుట్టిన ఏడాది. నెహ్రూ వచ్చారు, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి అయ్యారు. ఆఫీసులకు చాలినన్ని భవనాలు లేక గుడారాలు వేశారు, ఉద్యోగుల కోసం క్యాంపులు వెలిశాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. మీరు ఉంటున్న ఊరికే. క్యాంపుల పేర్లు మాత్రం మా దగ్గర మిగిలాయి.

మధ్యాహ్నం ఎండ ఎక్కువైతే గ్రంథాలయానికి పోదాం. కూర్చుని చదువుకోవడానికి పైసా అడగరు. గ్రంథాలయ ఉద్యమం కోసం ఊరూరా తిరిగిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు పుట్టింది ఈ ఊళ్ళోనే, 1883లో. పత్రికలో రాసిన రాతకు 1908లో జైలుకు పోయిన మనిషి. ఆయన గురించి దొరికిన పుస్తకం ఒకటి మీ ఇద్దరిలో ఒకరు గట్టిగా చదవండి, ఇంటికొచ్చాక నేను వింటాను.

ఆఖరి రోజు జగన్నాథగట్టు. అది కాస్త దూరం, నా స్నేహితుడి ఆటోలో పోదాం, డబ్బులిస్తే ఆయన తీసుకోడు. శ్రీశైలం డ్యాము నీళ్ళలో మునిగిపోతుందని రూపాల సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి తెచ్చి ఆ గట్టు మీద మళ్ళీ నిలబెట్టారు. పైనుంచి చూస్తే ఊరంతా కనబడుతుంది. అప్పటికి మీకు ఊరు తెలిసి ఉంటుంది కాబట్టి బురుజు ఎటు, నది ఎటు, కాలువ ఎటు అని నేను అడుగుతాను, మీరు చూపించాలి.

అవ్వ ఉగ్గాని కోసం బొరుగులు, మిరపకాయ బజ్జీలకు శనగపిండి ఇప్పుడే తెప్పించి పెట్టింది. పొద్దున తిని, ఒక డబ్బాలో కట్టుకుని బయల్దేరడమే. కొత్త బూట్లు వద్దు, కాలికి అలవాటైన చెప్పులు తెచ్చుకోండి, అడుగు అరిగినవి మాత్రం కాదు. చిన్నదానికి ఎండ పడదు, టోపీ మర్చిపోవద్దని అమ్మకు చెప్పండి. ఏ బస్సు ఎక్కుతున్నారో ముందు రోజే ఫోన్ చేయండి. బస్టాండులో ఉంటాను.

మీ తాత